క్రిస్మస్ పార్టీలో ఇంటిల్లిపాదీ ఆడే ఆటలు: సమగ్ర మార్గదర్శి

ఆటలో ఔటైన మనిషి చేసే మొదటి పని జేబులోంచి ఫోను తీయడం. 30 మంది వచ్చిన పార్టీలో మ్యూజికల్ చైర్స్ పెట్టి చూడండి. కాసేపటికి పదిమంది కుర్చీల చుట్టూ తిరుగుతుంటారు, మిగతా ఇరవై మంది ఫోన్లలో ఉంటారు. అందుకే ఇక్కడ చెప్పే ఆటల్లో చాలావాటికి ఔటనేదే లేదు. ఎనిమిదేళ్ల మనవడూ డెబ్బై ఏళ్ల మామ్మా ఒకే జట్టులో ఉన్నా ఇద్దరికీ చివరిదాకా ఏదో ఒక పని దొరుకుతుంది. సెమీ క్రిస్మస్ (పండగకు ముందే చేసుకునే వేడుక) అయినా, 25 సాయంత్రం చుట్టాలంతా కలిసినా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెట్టినా పద్ధతి ఒకటే. లెక్కలన్నీ 30 మందికి, ఊరు విశాఖ అనుకుని వేశాం, మీ మందిని బట్టి సర్దుకోండి.

చోటు, వేళ

విశాఖలో డిసెంబరు సాయంత్రాలు హాయిగా ఉంటాయి కాబట్టి అందరి చూపూ టెర్రస్ మీదకే పోతుంది. టెర్రస్ మీద గాలి ఉంటుంది. బీచ్ వైపు ఉన్న ఇళ్లలో అయితే పేపరు కప్పులు, చిట్టీలు, హౌసీ (తంబోలా) టికెట్లు ఏవీ నిలవవు. క్రిస్మస్ రోజుల్లో సాయంత్రం 5.30కే పొద్దుపోతుంది, బల్బుల వెలుతురు సరిపోకపోతే పెద్దవాళ్లకు టికెట్ మీద అంకెలు కనపడవు. రాత్రి పొద్దుపోయేకొద్దీ మంచు పడి గచ్చు తడిగా అవుతుంది, అప్పుడు పరుగు ఆటలు పెడితే ఎవరో ఒకరు జారతారు. కాబట్టి కదిలే ఆటలు ముందు టెర్రస్ మీద, కూర్చుని ఆడేవి తర్వాత హాల్లో పెట్టుకోండి. సెల్లారులో పార్కింగు ఖాళీ చేయించగలిగితే ఇంకా మంచిది: గాలి లేదు, మంచు లేదు, వెలుతురుంటుంది.

24 రాత్రి చాలా చర్చిల్లో ఆరాధన ఉంటుంది, పాటల బృందంలో ఉన్నవాళ్లు ఆ సాయంత్రం మీకు దొరకరు. 25 పొద్దున మళ్లీ ఆరాధన, ఆ తర్వాత భోజనాలు, నిద్ర. 25 సాయంత్రం 6 గంటలు గానీ, అంతకు ముందు వచ్చే శనివారం గానీ పెట్టండి. 6 గంటలని చెబితే 6.45కి సగంమంది వస్తారు. ఇది మనందరికీ తెలిసిందే కాబట్టి మొదటి ఆట ఎప్పుడొచ్చినా కలిసిపోయేదిగా ఉండాలి. మైకు వాడేవాళ్లు రాత్రి 10 లోపు ఆపేసేలా చూసుకోండి, శబ్ద నియంత్రణ నియమాల ప్రకారం ఆ తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు.

సామాను

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హోల్‌సేల్ షాపుల్లో ఇవన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. పేపరు కప్పులు 100, చమ్కీ తోరణాలు 8, పెన్నులు 35 (30 కొంటే ఐదు మాయమవుతాయి), సెల్లోటేపు 2 చుట్టలు, బట్టల క్లిప్పులు 30, నాలుగు రంగుల చార్టు పేపరు, ఒక విజిల్. పాత దినపత్రికలు 40 షీట్లయినా ఇంట్లో తీసి ఉంచండి. థర్మకోల్ అలంకరణలు, ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లాస్టిక్ కర్రలున్న బెలూన్లు అడగకండి, 2022 జులై 1 నుంచి దేశమంతా వాటి మీద నిషేధం ఉంది.

ఆట నడపడానికి ఇద్దరు కావాలి. ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు మార్కులు, టైము చూస్తారు. ఒక్కరే రెండూ చేస్తే ప్రతి ఆట మధ్యా ఐదు నిమిషాలు ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలోనే జనం చెదిరిపోతారు. మాట్లాడే మనిషి ఇంటి యజమాని కాకపోవడం మంచిది. ఆయన్ని ఎవరో ఒకరు వంటింట్లోంచి పిలుస్తూనే ఉంటారు.

జట్లు ఇలా

చార్టు పేపరును నాలుగు రంగుల్లో చిట్టీలుగా కత్తిరించండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఒక డబ్బా, అరవై దాటినవాళ్లకు ఒక డబ్బా, మిగతావాళ్లకు ఒకటి. ప్రతి డబ్బాలోనూ నాలుగు రంగులూ సమానంగా ఉంచండి. గుమ్మంలోనే చిట్టీ తీయించండి. ఇలా చేస్తే ప్రతి జట్టులోనూ పిల్లలూ పెద్దలూ సమంగా పడతారు, ఏ కుటుంబమైనా గుంపుగా ఒకే జట్టులో పడడం అరుదు. "మీ ఇష్టం వచ్చిన జట్టులో చేరండి" అంటే కుర్రాళ్లంతా ఒక చోట, అత్తయ్యలంతా ఇంకో చోట చేరతారు, పోటీ అక్కడితో అయిపోయినట్టే.

వస్తూ ఉండగా ఆడేవి

"నేనెవరు?" ఆటకు ముందే 35 చీటీల మీద పేర్లు రాసి పెట్టుకోండి: గొర్రెల కాపరి, హేరోదు రాజు, గబ్రియేలు దూత, శాంటాక్లాజ్, ప్లమ్ కేక్, అరిసె, కుర్సురా జలాంతర్గామి, సింహాచలం సంపెంగ. వచ్చినవాళ్ల వీపుకి ఒకటి తగిలించాలి. వాళ్లు అందరినీ అడుగుతూ తానెవరో కనుక్కోవాలి. జవాబు "అవును", "కాదు" మాత్రమే. ఒక్కొక్కరిని ఒకే ప్రశ్న అడగాలన్న నియమం పెట్టండి, లేకపోతే చెల్లెలు అక్కని పట్టుకుని కదలదు. అంటుకునే స్లిప్పులు పట్టుచీర మీద నిలవవు, పిన్నీసు గుచ్చితే చీర పాడవుతుంది. కాలరుకో పైటకో బట్టల క్లిప్పు పెట్టండి.

పక్కనే బల్ల మీద గాజు సీసాలో జెమ్స్ బిళ్లలు పోసి ఉంచి, ఎన్నున్నాయో అంచనా రాసి డబ్బాలో వేయమనండి. పోసేటప్పుడే లెక్కపెట్టి, ఆ అంకె చీటీ మీద రాసి దాచుకోండి. తర్వాత లెక్కపెడదామంటే సగం పిల్లల పొట్టలో ఉంటాయి.

పార్సిల్ ఆట

అందరికీ తెలిసిన ఆటే: పాట వస్తున్నంతసేపూ పార్సిల్ చేతులు మారుతుంది, పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఒక పొర విప్పి అందులోని చిట్టీ చెప్పిన పని చేయాలి. కానీ 30 మందికి ఒకే పార్సిల్ తిప్పితే సగంమంది చేతిలో ఒక్కసారీ ఆగదు. రెండు పార్సిళ్లు చేసి ఒకటి కుడివైపు, ఇంకొకటి ఎడమవైపు తిప్పండి. రెండూ ఒకరి దగ్గరే చేరినప్పుడు జరిగే గలాటాలోనే సరదా అంతా.

ఒక్కో పార్సిల్‌కి 12 పొరలు చాలు. లోపలి వస్తువు నలగనిది కావాలి, ప్లమ్ కేక్ పెడితే చివరికి పొడి మిగులుతుంది. అరకు కాఫీ పొడి ప్యాకెట్టో, సబ్బుల పెట్టో పెట్టండి. పొరకొక దినపత్రిక షీటు, పొరకొక చిట్టీ, ఒక టాఫీ. టేపు మాత్రం పొరకి ఒకే ఒక్క చిన్న ముక్క. చుట్టూ టేపు వేసిన పార్సిల్ విప్పడానికి రెండేసి నిమిషాలు పడుతుంది, 12 పొరలకి 24 నిమిషాలు టేపుతోనే సరి.

పాట ఆపేవాళ్లు జనానికి వీపు పెట్టి కూర్చోవాలి. 10 నుంచి 25 సెకన్ల మధ్య ఎప్పుడైనా ఆపొచ్చు, ప్రతిసారీ ఒకేలా ఆపితే జనం పసిగట్టేస్తారు. చిట్టీలో ఉన్న పని చేశాక ఆ మనిషి వృత్తంలోనే ఉంటారు.

ఆట నిలిచేదీ చెడేదీ చిట్టీలతోనే. "డాన్స్ చేయండి" అని రాస్తే పదిమందిలో ఎనిమిది మంది సిగ్గుపడి బతిమాలించుకుంటారు. చేతులూ నోరూ ఉంటే చాలనిపించే పనులు రాయండి:

- జగదాంబ నుంచి ఆర్కే బీచ్‌కి ఆటో బేరం ఆడండి. డ్రైవరు మీ ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు.
- తాళం వేశామో లేదో అని మూడుసార్లు వెనక్కి వచ్చే మనిషిని నటించండి.
- శాంటాక్లాజ్ పెళ్లిచూపులకు వస్తే ఎలా కూర్చుంటాడో చూపించండి.
- మీ కుడి పక్కవాళ్లని మెచ్చుకుంటూ మూడు మాటలు చెప్పండి. వంట గురించి చెప్పకూడదు.
- ఒక క్రిస్మస్ పాట పల్లవిని వార్తలు చదివినట్టు చదవండి.

జీతం, పెళ్లి, పిల్లలు, బరువు, రంగు ఊసెత్తే చిట్టీలు వద్దు. పండగపూట ఒకరి మొహం మాడితే మిగతా ఆటలన్నీ చప్పబడతాయి.

మనిషి క్రిస్మస్ చెట్టు

ప్రతి జట్టూ ఒకరిని నిలబెట్టి నాలుగు నిమిషాల్లో చెట్టుగా అలంకరించాలి. జట్టుకి రెండు చమ్కీ తోరణాలు, ఒక ఆకుపచ్చ చున్నీ, పది రిబ్బను ముక్కలు, నెత్తిన పెట్టడానికి అట్ట నక్షత్రం. బయట దొరికే సూచనల్లో ఆకుపచ్చ క్రేప్ పేపరు వాడమని ఉంటుంది. వాడకండి. చెమట తగిలిందంటే ఆ రంగు దిగుతుంది, పండగ తెల్లచొక్కా మీద పడితే వదలదు. మెడ చుట్టూ ఏదీ బిగించి కట్టకూడదు, మొహం కప్పకూడదు. తీర్పు చెప్పడానికి అక్కడున్నవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లనీ, అందరికంటే పెద్దవాళ్లనీ కూర్చోబెట్టండి. ఆరేళ్ల పిల్ల, ఎనభై ఏళ్ల తాతయ్య కలిసి ఇచ్చిన తీర్పుతో ఎవరూ వాదించరు.

కప్పుల గోపురం

జట్టుకి 21 పేపరు కప్పులు. అడుగు వరసలో 6, ఆపైన 5, 4, 3, 2, 1. జట్టువాళ్లు వరసగా ఒక్కొక్కరే వెళ్లి ఒక్కో కప్పు పెట్టి రావాలి. కూలితే కూలినకాడి నుంచే మళ్లీ. మూడు నిమిషాల్లో ఎక్కువ కప్పులు నిలబెట్టినవాళ్లది గెలుపు.

తప్పులు జరిగేది మూడు చోట్ల. ఫ్యాన్ ఆపడం మరిచిపోతారు. కొత్త కప్పులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, ముందే విడదీసి పెట్టరు. అందంగా ఉంటుందని బల్ల మీద గుడ్డ పరుస్తారు, ఆ ముడత మీద మూడో వరస నిలవదు. గుడ్డ తీసేయండి.

స్ట్రాతో జెమ్స్ పీల్చి ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి మార్చే ఆట కూడా పెట్టొచ్చు. పేపరు స్ట్రా ఒక నిమిషం దాటితే నాని మెత్తబడుతుంది కాబట్టి మనిషికొక కొత్త స్ట్రా, 45 సెకన్లు. బిళ్ల కంటే స్ట్రా కన్నం సన్నగా ఉండాలి, లేకపోతే గొంతులోకి పోతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ ఆట వద్దు.

ఒక్క అగ్గిపుల్లతో ఎన్ని కొవ్వొత్తులు వెలిగిస్తారన్న పోటీ మన కిట్టీ పార్టీల్లో బాగా నడుస్తుంది. టెర్రస్ గాలి, జార్జెట్ పైటలు, చుట్టూ పిల్లలు. మా సలహా అయితే పెట్టొద్దనే.

వాసన చూసి చెప్పండి

పది పేపరు కప్పుల్లో ఒక్కో దినుసు రెండు చెంచాలు వేసి, పైన పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. కప్పు అడుగున నంబరు. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, సోంపు, వాము, జీలకర్ర, ధనియాలు, మెంతులు, కాఫీ పొడి, ఇంగువ. గింజలను కాస్త నలిపితేనే వాసన వస్తుంది. కారం, మిరియాల పొడి పెట్టకండి, తుమ్ములతో ఆట ఆగిపోతుంది. ఇంగువ వరసలో ఆఖరిది కావాలి, అది ముందొస్తే తర్వాత వచ్చేవన్నీ ఇంగువే. జట్టంతా వాసన చూసి ఒకే కాగితం మీద రాయాలి. జీలకర్ర, సోంపు, వాము దగ్గర గొడవలు మొదలవుతాయి, ఎవరు వంటింట్లోకి ఎప్పుడూ వెళ్లరో అక్కడే తేలిపోతుంది.

కుడి ఎడమల కథ

తక్కువ సామానుతో ఎక్కువ నవ్వించే ఆట ఇదే. అందరూ వృత్తంగా కూర్చుంటారు, ప్రతివాళ్ల చేతిలోనూ దినపత్రికలో చుట్టిన చిన్న కానుక. నడిపేవాళ్లు కథ చదువుతారు. "కుడి" అని వినపడగానే అందరూ చేతిలోది కుడి పక్కవాళ్లకి, "ఎడమ" అంటే ఎడమ పక్కవాళ్లకి ఇచ్చేయాలి. కథ అయ్యేసరికి ఎవరి చేతిలో ఏది ఉంటే అది వాళ్లది. కథ ఇలా ఉండొచ్చు:

"క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. జగదాంబ దగ్గర కేక్ ఆర్డరిచ్చాను, వెళ్లి తెండి అంది అత్తయ్య. మావయ్య కుడి కాలికి ఒక చెప్పు, ఎడమ కాలికి ఇంకో చెప్పు వేసుకుని బయల్దేరాడు. బండికి కుడి అద్దం ఎప్పుడో విరిగింది, అందుకని ఎడమ అద్దంలోనే మీసం దువ్వుకున్నాడు. సందు చివర ఎడమ పక్కకి తిరగాల్సినవాడు కుడి పక్కకి తిరిగాడు. తేలింది ఆర్కే బీచ్‌లో. జనానికి కాస్త ఎడంగా నిలబడి, కుడుములు తిన్నంత తీరిగ్గా మూరీ మిక్చర్ తింటున్నాడు. కుడి చేతిలో పొట్లం, ఎడమ చేతిలో ఫోను. ఫోనులో అత్తయ్య: కేకేదీ? కుడి చెవి గింగురుమంది. ఎడమ చెవికి మార్చాడు. అదీ గింగురుమంది. మళ్లీ కుడి చెవికే మార్చాడు. బండి తీసి కుడి పక్కకి తిప్పాడు, మళ్లీ కుడి పక్కకి తిప్పాడు, ఎట్టకేలకి షాపు దొరికింది. షాపు కుర్రాడు ఎడమ చేత్తో పెట్టె ఇవ్వబోతే, పండగపూట ఎడమ చెయ్యేంటి నాయనా, కుడి చేత్తో ఇవ్వు అన్నాడు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే కేకు ఎడమ సగం పదిలంగా ఉంది. కుడి సగం కనపడలేదు. మావయ్య కుడి మీసానికి మాత్రం క్రీము కనపడింది."

ఇందులో కుడి 11 సార్లు, ఎడమ 8 సార్లు వస్తాయి. అంటే ప్రతి కానుకా చివరికి కుడివైపు మూడో మనిషి దగ్గర తేలుతుంది. సొంత కథ రాసుకుంటే ఈ లెక్క చూసుకోండి: రెండూ సమానమైతే ఎవరిది వాళ్లకే తిరిగొస్తుంది. "ఎడంగా", "కుడుములు" కావాలని పెట్టిన ఉచ్చులు, సగంమంది చేతులు కదిలిస్తారు. మొదట నెమ్మదిగా చదివి, చెవులు మారే చోట వేగం పెంచండి. ఎవరి చేతిలోనైనా రెండు కానుకలు పోగైతే ఆపి సర్దండి, లేకపోతే చివర ఒకరికి ఏమీ మిగలదు. గాజు వస్తువులు చుట్టొద్దని ముందే చెప్పాలి.

క్విజ్

జట్లుగా కాగితం మీద జవాబు రాసే పద్ధతి పెట్టండి. చేతులెత్తే పద్ధతిలో గొంతు పెద్దదైనవాళ్లు ఇద్దరే ఆడతారు. పన్నెండు ప్రశ్నల్లో సగమే బైబిల్ నుంచి ఉండాలి, పక్కింటివాళ్లూ ఆఫీసువాళ్లూ వచ్చి ఉంటారు. చర్చికి రోజూ వెళ్లేవాళ్లని కూడా తడబాటుపెట్టే ప్రశ్నలైతే అందరికీ సమానంగా ఉంటుంది:

తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమంది? మత్తయి సువార్తలో సంఖ్య లేదు. కానుకలు మూడు కాబట్టి ముగ్గురనుకుంటాం.

మరియ బెత్లెహేముకి గాడిద మీద వెళ్లిందని ఏ సువార్తలో ఉంది? ఎక్కడా లేదు.

యేసు పుట్టుక కథ నాలుగు సువార్తల్లో ఎన్నింటిలో ఉంది? రెండింట్లో, మత్తయి, లూకా.

శిశువును వేటితో చుట్టారు? పొత్తిగుడ్డలతో. ఇది మామ్మలకే తెలుస్తుంది, కావాలనే అడగండి.

సెయింట్ నికొలస్ బిషప్‌గా ఉన్న మైరా ఇప్పుడు ఏ దేశంలో ఉంది? టర్కీలో.

రష్యాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు క్రిస్మస్ చేసుకునే తేదీ? జనవరి 7. పాత జూలియన్ క్యాలెండరు 13 రోజులు వెనక ఉంటుంది.

విశాఖ హార్బరు దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద ఏమేమున్నాయి? రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ మీద దర్గా, వేంకటేశ్వర కొండ మీద గుడి.

మూగ సైగల ఆట గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సినిమా పేర్లు మానేసి సన్నివేశాలు ఇవ్వండి: సత్రంలో చోటు లేదని చెప్పే యజమాని, కేకు మాడిపోయిన ఇల్లు, క్యారల్స్ పాడేవాళ్లొస్తే లైట్లార్పేసే ఇంటివాళ్లు. ఒక్కరికి కాకుండా ముగ్గురికి కలిపి ఇస్తే బిడియస్థులు కూడా ముందుకొస్తారు.

హౌసీ

భోజనాలయ్యాక అందరూ కూర్చునే ఉంటారు, హౌసీకి అదే సమయం. టికెట్‌లో 3 వరసలు, 9 నిలువు గళ్లు, వరసకి 5 చొప్పున 15 అంకెలు. అంకెలు 1 నుంచి 90 దాకా. పెద్దవాళ్ల కోసం ఏ4 కాగితానికి రెండే టికెట్లు వచ్చేలా ప్రింటు తీయించండి. చింతపిక్కలు పెట్టి ఆడితే టికెట్ మళ్లీ వాడుకోవచ్చు గానీ ఒక్క మోకాలు తగిలితే అంతా చెదురుతుంది, పెన్నే మేలు.

బహుమతులు: జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఏవైనా ఐదు అంకెలు కొట్టేసినవాళ్లకి), పై వరస, మధ్య వరస, కింది వరస, ఫుల్ హౌస్ (టికెట్‌లోని 15 అంకెలూ). పండగ కోసం ఇంకొకటి కలపండి, బెత్లెహేము నక్షత్రం: పై, కింది వరసల మొదటి, చివరి అంకెలు నాలుగు, మధ్య వరసలో మూడో అంకె, మొత్తం ఐదు.

తెలుగులో అంకె పిలిచేటప్పుడు ఇరవై, అరవై మైకులో ఒకేలా వినపడతాయి. "అరవై ఏడు, ఆరు ఏడు" అని విడదీసి రెండుసార్లు చెప్పండి. గెలిచినవాళ్లు తర్వాతి అంకె పిలవకముందే అరవాలి. తప్పుగా అరిస్తే బోగీ. మామూలుగా టికెట్టే రద్దు చేస్తారు, కానీ అలా చేస్తే ఆ మనిషి ఫోను తీస్తారు. ఆ ఒక్క బహుమతికి మాత్రం అనర్హులని చెప్పి ఆడనివ్వండి.

40 టికెట్లతో ఆడితే ఫుల్ హౌస్ సుమారు 70 అంకెల దగ్గర పడుతుంది. అంకెకి 15 సెకన్లు వేసుకుంటే 18 నిమిషాలు, సరిచూడడానికి ఇంకో ఏడెనిమిది. రెండు రౌండ్లకి గంట పక్కన పెట్టండి. టికెట్‌కి డబ్బు పెట్టడం చాలామంది పెద్దలకు నచ్చదు. టికెట్ ఊరికే ఇచ్చి, బహుమతులు నలుగురూ తలా ఒకటి తెచ్చేలా ముందే మాట్లాడుకోండి. మాడుగుల హల్వా, ఏటికొప్పాక లక్క బొమ్మలు, స్టీలు డబ్బా ఏవైనా బాగుంటాయి. ఇద్దరు ఒకేసారి గెలిస్తే ఇవ్వడానికి చాక్లెట్లు పది అదనంగా ఉంచండి.

దొంగ శాంటా

ఇది పెద్దవాళ్ల ఆట. పదేళ్ల లోపు పిల్లలని కలపొద్దు. నచ్చిన బొమ్మ చేతిలోంచి పోతే వాళ్లకి అది ఆటలా ఉండదు, ఏడుపే. వాళ్లకి కుడి ఎడమల కథ చాలు.

1. అందరూ ఒకే ఖరీదు హద్దులో ఒక్కో కానుక తెస్తారు, ఉదాహరణకి రూ.300. అన్నీ దినపత్రికలోనే చుట్టాలి. మెరిసే కాగితం ఉంటే జనం కాగితాన్ని చూసే ఎంచుకుంటారు.

2. కానుకలు మధ్యలో, నంబరు చిట్టీలు డబ్బాలో. 1 వచ్చినవాళ్లు ఒకటి తీసి అందరి ముందూ విప్పుతారు.

3. 2 వచ్చినవాళ్లు కొత్తది విప్పొచ్చు, లేదా ఒకటో మనిషిది లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవాళ్లు కొత్తది విప్పుకోవాలి, లేదా ఇంకొకరిది లాక్కోవాలి. అదే వస్తువుని వెంటనే తిరిగి లాక్కోకూడదు. ఇలా ఆఖరి నంబరు దాకా.

4. ఒక వస్తువు మూడుసార్లు చేతులు మారితే అక్కడితో దానికి తాళం.

5. అన్నీ అయ్యాక ఒకటో మనిషికి ఒక అవకాశం, తాళం పడని దేంతోనైనా మార్చుకోవచ్చు. ఈ నియమం వదిలేస్తే ఒకటో నంబరు వచ్చినవాళ్లకి అన్యాయం.

మన ఇళ్లలో ఈ ఆట చప్పబడేది ఒక్కచోటే. అత్తగారి చేతిలోంచి కోడలు లాక్కోదు, బావగారి కానుక మరదలు ముట్టుకోదు, అందరూ మర్యాదగా కొత్తవే విప్పుకుంటారు, పావుగంటలో ఆట ముగుస్తుంది. దీనికి మందు: నిర్ణయం మనిషి చేతిలో ఉంచకండి. ఒక పాచిక వేయించండి. 1, 2 పడితే కొత్తది విప్పాలి. 3, 4 పడితే ఎడమ పక్క నుంచి మొదట కానుక ఉన్నవాళ్లది లాక్కోవాలి. 5, 6 పడితే ఆ గదిలో అందరికంటే పెద్దవాళ్ల చేతిలో ఉన్నది లాక్కోవాలి, వాళ్ల దగ్గర ఇంకా ఏమీ లేకపోతే కొత్తదే. పోగొట్టుకున్నవాళ్లు కొత్తది విప్పుకుంటే చాలు. "నేనేం చేయను అత్తయ్యా, పాచిక అలా పడింది" అనే సందు దొరికితే కోడళ్లే అందరికంటే ముందుంటారు.

20 మందికి సుమారు 35 నిమిషాలు. 25 దాటితే రెండు వృత్తాలు చేయండి.

సీక్రెట్ శాంటా (చీటీలో పేరు వచ్చినవాళ్లకి గుట్టుగా కానుక ఇచ్చే ఆట) పెట్టేవాళ్లకి ఒక మాట. డబ్బాలో పేర్లు వేసి తీయిస్తే, ఎంతమంది ఉన్నా సరే, కనీసం ఒకరికి సొంత పేరే వచ్చే అవకాశం సుమారు 63 శాతం. అంటే ఎక్కువసార్లు మళ్లీ మొదలుపెట్టాల్సిందే. దానికి బదులు ఆటలో లేని ఒకరు పేర్ల చిట్టీలు కలిపి వృత్తంగా పేర్చాలి, ప్రతివాళ్లూ తన తర్వాతి పేరుకి కానుక ఇస్తారు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే ఒక చిట్టీ జరపాలి. ఎవరికెవరో వాట్సాప్‌లో విడివిడిగా పంపితే సరి.

దూరాన ఉన్నవాళ్లతో

అమెరికాలో పిల్లలుంటే హౌసీ, క్విజ్ రెండూ వీడియో కాల్‌లో బాగా నడుస్తాయి. మనకి సాయంత్రం 6.30 అయినప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 8, కాలిఫోర్నియాలో ఇంకా 5. కాలిఫోర్నియావాళ్లు ఉంటే హౌసీని 8.30కి జరపండి. టికెట్ ఫొటో ముందురోజే పంపి, ప్రింటు తీసుకోమనండి. మాట అవతలికి చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి అంకె పిలిచాక ఐదు సెకన్లు ఆగి తర్వాతిది పిలవాలి, లేకపోతే వాళ్ల అరుపు ప్రతిసారీ ఆలస్యంగానే వస్తుంది. రాగం తీసి పాట కనుక్కునే ఆట మాత్రం కాల్‌లో వద్దు, మనుషుల గొంతు వినపడేలా చేసే యాప్‌లు కూనిరాగాన్ని చప్పుడనుకుని తీసేస్తాయి. ఫోనుని స్పీకరుకి దగ్గరగా పెట్టకండి, గీ మని కూస్తుంది. గోడకి ఆనించి, అంకెలు పిలిచే మనిషి వైపు తిప్పి, చార్జరు పెట్టి ఉంచండి.